యారాండ్ల క్యారియర్: నాలుగు నెలలు తిన్న తర్వాత

హన్మకొండ సుబేదారిలో ఇద్దరు యారాండ్లు (తోడికోడళ్ళు) కలిసి ఇంటి నుంచే మధ్యాహ్నం భోజనం క్యారియర్లు పంపుతున్నారు. దుకాణం లేదు, బోర్డు లేదు, పేరు కూడా పెట్టుకోలేదు. అందరూ యారాండ్ల క్యారియర్ అనే అంటారు. 2025 శివరాత్రి పోయిన వారం నుంచి అదే ఏడాది ఆషాఢం దాకా నాలుగు నెలలు వీళ్ళ భోజనం తిన్నాను. నాలాగ ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం, దూరాన ఉండి "అమ్మ ఏం తింటున్నదో" అని ఫోన్లో అడిగే వాళ్ళ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నచ్చినదీ రాస్తాను, నచ్చనిదీ రాస్తాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకుంటే నేను ఇన్ని లెక్కలు ఎందుకు చెప్తున్నానో అర్థం కాదు. నా వయసు 68. ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీ కేంద్రాలు నడిపే పథకంలో, సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. పరకాల, హసన్‌పర్తి, ములుగు వైపు ఊర్లన్నీ తిరిగాను. పిల్లలను తూకం బుట్టలో కూర్చోబెట్టి బరువు చూడడం, చార్టు మీద ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీల మధ్యన చుక్క పెట్టడం, చుక్క కిందికి జారితే ఆ తల్లి ఇంటికి పోయి గడప మీద కూర్చొని "ఏం పెడుతున్నవు బిడ్డా" అని అడగడం, ఇదే నా పని. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థలో ట్రైనింగ్ తీసుకున్నాను. ఏ పప్పులో ఎంత ప్రొటీన్ ఉంటుందో ఇప్పటికీ నోటికి వస్తుంది.

మా సారు, అంటే మా ఆయన, 2023లో పోయారు. పెద్దోడు హైదరాబాద్‌లో, చిన్నోడు పుణెలో, బిడ్డ కరీంనగర్‌లో. ఎవరు రమ్మన్నా పోయి కొన్నాళ్ళుండి వస్తాను కానీ నా ఇల్లు ఇక్కడ, నా భద్రకాళి తల్లి ఇక్కడ. ఆయన పోయిన తర్వాత వంటింట్లోకి పోవాలంటే కాళ్ళు రాలేదు. పొద్దున ఛాయ, రెండు రస్కులు. మధ్యాహ్నం ఇంత అన్నం, మామిడికాయ తొక్కు, పెరుగు. సాయంత్రం మళ్ళీ ఛాయ. రాత్రికి మిగిలిన అన్నంలో సల్ల పోసుకొని తినేసి పడుకునేదాన్ని. కడుపు నిండింది కాబట్టి తిన్నాననే అనుకున్నాను.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నా బిడ్డ నా జాకెట్టు భుజం పట్టి చూసింది. "అమ్మా, ఇది నిరుడు కుట్టించింది కదా, ఇంత వదులు ఎట్లయింది?" అన్నది. అప్పుడే చౌరస్తాకు తీసుకపోయి మెడికల్ షాపు ముందు తూకం మిషన్ ఎక్కించింది. 51 కిలోలు. మా సారు ఉన్నప్పుడు 58 ఉండేదాన్ని. ఎంతమంది పిల్లల చుక్కలు చూశానో లెక్క లేదు, నా చుక్క జారుతుంటే చూసుకోలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి కాగితం పెన్ను తీసుకొని కూర్చున్నాను. 2020లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 51 కిలోలకు 42 గ్రాములు. నేను తింటున్నది ఎంత? రెండు పూటల బియ్యం కలిపి ఒక 200 గ్రాములు, అందులో 15. పెరుగు, సల్ల, ఛాయలో పాలు అన్నీ కలిపి ఒక 7. రస్కులతో ఇంకో రెండు. మొత్తం 24. కావలసిన దానిలో సగం చిల్లర. ఏడాదిన్నర పాటు ఇదే నడిచింది. మా వయసులో తినడం తగ్గితే కరిగేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా కరుగుతుంది. కండ పోతే మెట్లు ఎక్కలేము, కింద కూర్చుంటే లేవలేము, బాత్రూంలో కాలు జారితే తట్టుకోలేము. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన వాళ్ళను మా కాలనీలోనే ఇద్దరిని చూశాను.

ఒక్కదానికి వంట అంటే బయటి వాళ్ళకు చిన్న పనిలాగ కనిపిస్తుంది. ఆనిగెపుకాయ (సొరకాయ) ఒకటి తెస్తే నలుగురికి వస్తుంది. పప్పు పిడికెడు వేస్తే కుక్కర్‌లో అడుగంటుతుంది, ఎక్కువ వేస్తే మూడు రోజులు అదే పప్పు. కుమారపల్లి మార్కెట్ నుంచి కూరగాయల సంచి మోసుకొని రావాలంటే మోకాళ్ళు. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉన్నది. వండితే "ఇవాళ పులుసు బాగా కుదిరింది" అనే మనిషి లేడు. మా వయసు ఆడవాళ్ళను ఎవరిని అడిగినా ఒకటే మాట: ఒక్క పానానికి పొయ్యి ముట్టియ్యాల్నా. దాని మీద ఒక్కపొద్దులు. సోమవారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు, కొందరికి గురువారం కూడా. నేను దేవుణ్ణి నమ్మేదాన్నే, ఒక్కపొద్దు ఉన్నదాన్నే. కానీ షుగర్ గోళీ వేసుకుంటూ ఒక్కపొద్దు ఉండి కళ్ళు తిరిగి పడ్డ ఒకామెను ఆటోలో దవాఖానకు తీసుకపోయినదాన్ని కూడా నేనే. గోళీ వేసుకునే వాళ్ళు డాక్టర్‌ను అడగకుండా పూట మానవద్దు.

క్యారియర్ కంటే ముందు మూడు రకాలుగా ప్రయత్నం చేశాను. పెద్దోడు ఫోన్‌లో యాప్ పెట్టి హోటల్ భోజనం తెప్పించాడు. ఒక్క ప్యాకెట్‌లో ఇద్దరి అన్నం, కూర మీద వేలెడు నూనె. నాకు బీపీ. వారం తింటే కాళ్ళు ఉబ్బినయి. తర్వాత మా సందు చివర కర్రీ పాయింట్‌లో కూర తెచ్చుకున్నాను. ఒక ప్యాకెట్ నాకు మూడు పూటలు వచ్చేది. ఫ్రిజ్‌లో పెట్టడం, వేడి చేయడం, మళ్ళీ పెట్టడం. కాగే పప్పుచారు పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పోసి ముడి వేసి ఇస్తుంటే చూడబుద్ధి కాలేదు. వంటమనిషి ఒక్క పూటకు నెలకు 4,000 అడిగింది. పైగా ఆమె రాని రోజు నేనే ఆమె కోసం ఎదురుచూసుకుంటూ కూర్చోవాలి.

యారాండ్ల సంగతి మా కాలనీ టీచరమ్మ చెప్పింది. పొద్దున పదిన్నరకు వాళ్ళింటికి పోయాను. చెప్పకుండా పోయాను, అది పాత అలవాటు. అంగన్‌వాడీ కేంద్రానికి చెప్పి పోతే అన్నీ సర్దిపెట్టి ఉంటాయి. వెనక రేకుల షెడ్డు కింద రెండు పెద్ద పొయ్యిలు. పెద్ద యారాలు పొయ్యి దగ్గర, చిన్న యారాలు కత్తిపీట మీద బీరకాయ. గిన్నెలు బోర్లించి ఎండకు పెట్టి ఉన్నాయి. మంచినీళ్ళ డ్రమ్ముకు మూత ఉన్నది. చెత్త బకెట్ వేరే మూలకు ఉన్నది. పల్లి నూనె డబ్బా చూపించారు. నేను అడగకముందే చిన్నామె "పాత నూనె వాడం పెద్దమ్మా, మా అత్తమ్మ కూడా ఇదే తింటది" అన్నది. ఆ అత్తమ్మ మంచం మీద కూర్చొని కరివేపాకు దూస్తున్నది. నాకు అక్కడే సగం నమ్మకం కుదిరింది.

మూడు గిన్నెల స్టీలు క్యారియర్. ఒక దాంట్లో అన్నం, ఒక దాంట్లో పప్పు లేదా పప్పుచారు, ఒక దాంట్లో కూర. పెరుగు చిన్న డబ్బాలో. మంగళవారం, శుక్రవారం అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు. ఆదివారం సెలవు. రోజుకు 75 రూపాయలు, 26 రోజులకు 1,950. నేను చేరిన రోజుకు వాళ్ళు 45 క్యారియర్లు పంపుతున్నారు. వాటిలో సగం దాకా మా వంటి పెద్దవాళ్ళవే.

మొదటి నెల రుచి బాగుంది, కానీ రెండు విషయాలు నచ్చలేదు. ఒకటి ఉప్పు. తింటున్నప్పుడు తెలియదు, సాయంత్రానికి నోరు ఎండుకపోయేది. రెండోది పప్పు. గిన్నె వంచితే నీళ్ళలాగ జారేది. ఇట్లాంటివి ఊరికే అంటే ఎవరికైనా మనసు నొస్తుంది. అందుకని ఇంట్లో ఉన్న చిన్న తూకం మిషన్ సంచిలో వేసుకొని ఒక సోమవారం పొద్దున్నే పోయాను. "బిడ్డా, ఇవాళ నువ్వు వేసే ఉప్పు ఒకసారి దీంట్లో పెట్టి వెయ్యి, చూద్దాం" అన్నాను. పెద్ద యారాలు పిడికిలితో వేసేది. ఆ పిడికిళ్ళన్నీ తూకానికి పెడితే అన్నింటికీ కలిపి 225 గ్రాములు. 45 మందికి పంచితే మనిషికి 5 గ్రాములు. ఒక మనిషి రోజంతా కలిపి 5 గ్రాములకు మించవద్దని మన పోషకాహార సంస్థ కూడా, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తున్నాయి. ఒక్క మధ్యాహ్నం పూటకే అది అయిపోయింది. ఇంట్లో వేసుకునే తొక్కు, రాత్రి తినేది ఇంకా లెక్కలోకే రాలేదు. పెద్ద యారాలు ఆ మిషన్ వైపు చూస్తూ నిలబడ్డది. "నేను ముద్దకు రుచి చూసి ఏస్త పెద్దమ్మా, మందిని లెక్కవెట్టలే" అన్నది.

పప్పు కూడా తూచాం. కిలో కందిపప్పు 45 మందికి. మనిషికి 22 గ్రాములు, అంటే 5 గ్రాముల ప్రొటీన్. ఒక గుడ్డులో ఉన్నంత కూడా లేదు. నేను చెప్పింది ఇది: ఉప్పు 130కి దించండి, పప్పు కిలోముప్పావు చేయండి, వారానికి ఒకటి ఇచ్చే గుడ్డు మూడు చేయండి. ఉప్పు తగ్గితే మొదటి వారం అందరూ చప్పగా ఉందంటారని నేనే ముందు చెప్పాను. వయసు మీద పడితే నాలుకకు రుచి తెలియడం తగ్గుతుంది, అందుకే మా వాళ్ళందరూ తొక్కు లేనిదే ముద్ద దిగదంటారు. ఉప్పు తగ్గించిన చోట నిమ్మకాయ, కొత్తిమీర, ఎల్లిగడ్డ పోపు, జీలకర్ర పెంచమన్నాను. నిమ్మకాయతో ఇంకో లాభం ఉన్నది, పాలకూర, తోటకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి పులుపు సాయం చేస్తుంది. అన్నం తిన్న వెంటనే ఛాయ తాగితే అది పట్టకుండా పోతుంది. మా సారు ఉన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు అది, తిన్న తర్వాత గంట సేపు ఆగడం ఈ నాలుగు నెలల్లో నేర్చుకున్నాను.

వాళ్ళు మూడూ చేశారు. కానీ పప్పు, గుడ్లు ఊరికే రావు కాబట్టి రోజుకు 5 రూపాయలు పెంచి 80 చేశారు. నేను న్యాయమే అన్నాను. తర్వాత ఏమైందో కింద చెప్తాను, అది నా మనసులో ఇంకా కలుక్కుమంటున్నది.

రుచి సంగతి. పప్పు వీళ్ళ చేతిలో బాగా కుదురుతుంది. చింతచిగురు దొరికిన రోజుల్లో చేసిన పప్పు తిని ములుగు రోజులు గుర్తుకొచ్చాయి. పుంటికూర పప్పు, మెంతికూర పప్పు, వానలు పడ్డ తర్వాత ఒకసారి గంగవాయిలి కూర పప్పు. గంగవాయిలి ఇప్పుడు హోటల్లో ఎక్కడా పెట్టరు. కూరలు ఎర్రగా కనిపిస్తాయి కానీ మంట ఉండదు, కడుపులో మండదు. అడిగితే చపాటా మిర్చి అన్నారు. ఏనుమాముల మార్కెట్ నుంచి తెచ్చి ఎండబెట్టి గిర్నీలో పట్టిస్తారట. టమాటా లాగ బొద్దుగా ఉండే మన వరంగల్ మిర్చి అది, రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు పంట అనే గుర్తింపు, కూడా వచ్చింది. గ్యాస్, కడుపు మంట ఉన్నవాళ్ళు ఇంట్లో కూడా అదే వాడుకోవచ్చు.

జొన్నరొట్టె గురించి వేరే చెప్పాలి. చిన్న యారాలు రొట్టె కొడుతుంటే చూసి తీరాలి. నీళ్ళు మసలబెట్టి పిండిలో పోసి, చేయి కాలుతుంటే గరిటె తిప్పి, ఆ తర్వాత అరచేతి మడమతో పిండిని తోస్తూ తోస్తూ మెత్తగా చేస్తుంది. పీట మీద పొడిపిండి చల్లి చప్పట్లు కొట్టినట్టు కొడుతుంటే రొట్టె దానంతట అదే గుండ్రంగా తిరుగుతుంది. పెనం మీద వేసి పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడుస్తుంది. అది పొంగి దిగేటప్పటికి వాసన వాకిలి దాకా వస్తుంది. వేడి మీద తింటే పండ్లు లేని వాళ్ళు కూడా తింటారు. కష్టం ఏమిటంటే మా ఇంటికి వచ్చేసరికి గంట అవుతుంది, అంచులు గట్టిపడతాయి. నాకు కింది కట్టుడు పండ్ల సెట్టు ఉన్నది. మొదట్లో నడిమి భాగం తిని అంచులు వదిలేశాను. ఆ తర్వాత వాళ్ళు గుడ్డలో చుట్టి పంపడం మొదలుపెట్టారు. ఇప్పుడు ముక్కలు చేసి పప్పులో ఐదు నిమిషాలు నానబెడతాను. అట్లనే తినమని మిగతా వాళ్ళకు కూడా చెప్తున్నాను. దొండకాయ వేపుడు మాత్రం ఎంత చెప్పినా గట్టిగానే వస్తున్నది. ఆలుగడ్డ కూడా వారానికి రెండుసార్లు వస్తుంది. అది ఒకసారి చేసి ఆ రోజు ఆకుకూర పెడితే బాగుండు.

మే నెలలో ఒక రోజు నేను బ్యాంకు పని మీద పోయి ఆలస్యంగా వచ్చాను. క్యారియర్ గోడ మీద రెండు గంటలు ఎండలో ఉన్నది. మూత తీస్తే పప్పు మీద నురుగు, పాసిపోయిన వాసన. పారబోశాను. తప్పు వాళ్ళది అనలేను, కానీ మా ఇండ్లల్లో ఇది ఎవరికైనా జరుగుతుంది. కళ్ళు కనపడక, వాసన తెలియక అదే తినేవాళ్ళు ఉంటారు. చెప్పిన రెండో రోజు నుంచి ఎండలు తగ్గేదాకా పదకొండున్నరకే పంపారు. మనిషి చేతికిస్తేనే ఇచ్చినట్టు, గోడ మీద పెట్టి రావద్దని క్యారియర్లు తెచ్చే పిల్లగానికి చెప్పారు.

ఇంత చెప్పినా, ఈ క్యారియర్ నేను వదలకపోవడానికి కారణం పప్పూ కాదు, రొట్టే కాదు. ఏప్రిల్‌లో నాకు చిగురు వాచింది. మూడు రోజులు ఏదో నాలుగు ముద్దలు మింగి మిగతాది గిన్నెలోనే ఉంచి పంపాను. ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు పెద్ద యారాలు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, మూడొద్దులాయె, పప్పు కిందికే వస్తలేదు గిన్నెల. కూర ముట్టినట్టే లేదు. పండ్లు నొస్తున్నయా, పానం మంచిగ లేదా?"

"చిగురు వాచింది బిడ్డా, తగ్గుతది."

"తగ్గుతది అనుకుంట ఉపాసం ఉంటవా? ఇయ్యాల గట్క పంపుతున్న, పెసరపప్పు మెత్తగ ఉడికించి పోస్త. పోరడు ఉన్నంత సేపట్ల తిను, వాడు గిన్నె పట్టుకొనే వస్తడు."

ఆ పిల్లగాడు నిజంగానే గడప మీద కూర్చొని ఫోన్ చూసుకుంటూ నేను తినేదాకా ఉన్నాడు. తిన్న తర్వాత గిన్నె లోపలికి చూసి "అయిపోయింది పెద్దమ్మా, పోతున్న" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినయి. ఆ గడప మీద కూర్చొని పిల్లల తల్లులను నేను అడిగిన ప్రశ్న ఇన్నేండ్లకు నా ఇంటికి వచ్చింది. కేంద్రాల్లో మేము ఎప్పుడూ వర్కర్లకు చెప్పేది ఇదే: రిజిస్టర్‌లో రాసింది లెక్క కాదు, పిల్ల కడుపులోకి పోయింది లెక్క. ఇంటికి పంపిన పొట్లం అందరూ పంచుకుంటే ఆ పిల్లకు ఏమీ మిగలదు. ముసలివాళ్ళ సంగతి కూడా అంతే. పిల్లలు డబ్బులు పంపుతారు, ఫ్రిజ్ నిండా ఉంటుంది, "తిన్నవా అమ్మా" అంటే "తిన్న బిడ్డా" అంటాము. గిన్నెలో ఏం మిగిలిందో చూసేవాళ్ళు ఉండరు. వీళ్ళిద్దరూ గిన్నెలు తోమే ముందు చూస్తారు. ఎవరి క్యారియర్ ఏదో మూతకు కట్టిన దారం రంగు బట్టి వాళ్ళకు తెలుసు. నాది ఆకుపచ్చ దారం.

నాలుగు నెలలకు నా బరువు 53న్నర. మధ్యాహ్నం పూట గుడ్డు ఉన్న రోజు 25 గ్రాముల దాకా, లేని రోజు 19 గ్రాముల ప్రొటీన్ వస్తున్నది. మిగతాది నేనే సర్దుకున్నాను. పొద్దున రస్కుల బదులు పాలు పోసిన రాగి జావ. సాయంత్రం బొబ్బర్ల గుడాలో, ఉడికించిన పల్లీలో ఒక గుప్పెడు. రాత్రి ఒక గ్లాసు పాలు, పెసరపప్పు వేసిన పల్చటి కిచిడి. అంతా ఒక్క పూటకే తినకుండా పూటపూటకూ కొంత పప్పో, పాలో, గుడ్డో పడితేనే ఈ వయసులో కండకు పడుతుంది. నీళ్ళు కూడా దాహం వేసేదాకా ఆగకుండా తాగుతున్నాను, వయసు పెరిగితే దాహం సరిగ్గా తెలియదు. కింద కూర్చొని చేయి ఆనించకుండా లేవగలుగుతున్నాను. మేడ మీద బట్టలు నేనే ఆరేసి వస్తున్నాను.

గుడ్డు తినని వాళ్ళకు ఆ రోజు శనగల కూర పెడుతున్నారు. మా టీచరమ్మ భర్త పోయిన తర్వాత మాంసం, గుడ్డు రెండూ మానేసింది. అది ఆమె ఇష్టం, నేనేమీ అనను. కానీ బీ12 అనే విటమిన్ మొక్కల నుంచి రాదు. పాలు, పెరుగు బాగా తీసుకోవాలి, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వేసుకుంటే బీ12 ఇంకా తగ్గుతుంది. ఆమెకు అరికాళ్ళు తిమ్మిర్లు ఎక్కుతుంటే వయసు అనుకున్నది. పరీక్ష చేయిస్తే బీ12 తక్కువ వచ్చింది, డాక్టర్ సూదులు రాశాడు. తిమ్మిర్లు ఉన్నవాళ్ళు పరీక్ష ఒకసారి అడిగి చేయించుకోండి.

ఇప్పుడు ఆ 5 రూపాయల సంగతి. 2025లో ఒంటరి ఆడవాళ్ళకు వచ్చే ఆసరా పింఛను నెలకు 2,016. క్యారియర్ 75 ఉన్నప్పుడు నెలకు 1,950 అయ్యేది. 80 అయిన తర్వాత 2,080. మా వెనక సందులో ఒకామె పింఛను మొత్తం పెట్టి అయినా తినేది, మందులు కొడుకు కొనిచ్చేవాడు. ధర పెరిగిన నెల మానేసింది. పప్పు చిక్కగా కావాలని అడిగింది నేను, ఆ పప్పుకు దూరమైంది ఆమె. నాకు ప్రభుత్వ పింఛను ఉన్నది కాబట్టి 5 రూపాయలు కనిపించలేదు.

ఆమె ఇంటికి పోయాను. రేషన్‌లో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నది కదా, అన్నం ఆమె వండుకుంటుంది. లేనిది పప్పు, కూర. యారాండ్లతో మాట్లాడితే అన్నం లేకుండా పప్పు, కూర, గుడ్డు రోజు గుడ్డు, రెండు గిన్నెలు 40 రూపాయలకు ఇస్తామన్నారు. నెలకు 1,040. ఇప్పుడు అట్లా ఐదుగురు తీసుకుంటున్నారు. ఎవరికైనా ఇంట్లో బియ్యం ఉంటే "రెండు గిన్నెలది" అని అడగండి, ఇది అందరికీ తెలియదు.

కొత్తవాడలో మా వదినె ఉంటుంది, దర్రీలు నేసిన చేతులు. అక్కడి దాకా వీళ్ళు పంపరు. సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రం, వడ్డేపల్లి వైపు మాత్రమే. ఆమె కోసం ఆదివారం మా ఇంట్లో పొయ్యి ముట్టిస్తున్నాను. క్యారియర్ రాని ఆ ఒక్క రోజు మొదట్లో నేను మళ్ళీ తొక్కు, పెరుగుకే పోయేదాన్ని. ఆదివారం సెలవు పెట్టడం తప్పు కాదు, వాళ్ళకూ ఒంట్లో అలుపు ఉంటుంది. కానీ చేరేవాళ్ళు ఆదివారానికి ఏం తింటారో ముందే అనుకొని చేరండి. వదినె పదింటికి ఆటోలో వస్తుంది. ఆమె కూర కోస్తుంది, నేను పప్పు వేస్తాను. ఇద్దరికి వేస్తే కుక్కర్‌లో పప్పు అడుగంటదు. పోయేటప్పుడు డబ్బాలో సోమవారానికి కట్టి పంపుతాను.

చేరాలంటే ఇంటికి పోయి చెప్పాలి, రెండు రోజుల ముందు. మూడు గిన్నెల క్యారియర్లు రెండు మనమే ఇవ్వాలి, ఒకటి వస్తుంటే ఒకటి పోతుంది. బీపీ, షుగర్, పండ్ల సంగతి మొదటి రోజే చెప్పండి, చిన్న యారాలు నోటుబుక్కులో రాసుకుంటుంది. నెల మధ్యలో ఊరికి పోతే ఆ రోజులు తీసేస్తారు, దాని మీద ఎప్పుడూ మాట రాలేదు.

రాత్రి పూట లేదు. నా మిగిలిన ఫిర్యాదు అదొక్కటే. కళ్ళు సరిగ్గా కనపడక పొయ్యి దగ్గరికి పోవడానికి భయపడే వాళ్ళు రాత్రి ఛాయలో బిస్కెట్ ముంచుకొని పడుకుంటున్నారు. పొద్దుగూకకముందే ఒక గిన్నెడు కిచిడో, జావో పంపితే చాలు, 20 మంది దాకా తీసుకుంటారని నేనే ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసిచ్చాను. మొన్న బోనాల రోజు మళ్ళీ అడిగాను. పెద్ద యారాలు ఇంకో పొయ్యి కొనాలన్నది, పోరనికి సాయంత్రం కాలేజీ ఉన్నదన్నది. శ్రావణం మొదటి సోమవారం నుంచి చూస్తామన్నారు. నా తూకం మిషన్ వాళ్ళ దగ్గరే ఉంచి వచ్చాను.